ఆల్టర్నేటర్ దాకా

మా నాన్న టాక్సీ డ్రైవర్. పోయిన దసరా సెలవుల్లో నేను నెల్లూరు వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం కారు డాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ గుర్తు వెలిగింది. తెల్లారి నాలుగింటికి తిరుమల కిరాయి. అడ్వాన్సు కూడా తీసేసుకున్నారు.

నేను మెకానికల్ మూడో సంవత్సరం కదా! మల్టీమీటర్ తెచ్చి, ఇంజన్ ఆన్‌లో పెట్టి బ్యాటరీ దగ్గర చూశాను. 14 వోల్టుల దాకా ఉండాల్సింది 11.9 చూపిస్తోంది. "ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వట్లేదు నాన్నా" అన్నాను పెద్ద డాక్టర్‌లా. "అయితే బాగు చెయ్" అన్నారు. బానెట్ ఎత్తితే అసలు ఆల్టర్నేటర్ కనిపించనే లేదు. పుస్తకంలో బొమ్మ ఒంటరిగా ఉంటుంది. కారులో అది ఇంజన్ వెనకాల, కింద, అన్నిటి చాటునా ఉంది.

వీధి చివరి మెకానిక్ అన్నను పిలుచుకొచ్చాను. "ముందు ఏం తీస్తావ్ అబ్బయా?"

"బెల్టు అన్నా."

"బ్యాటరీ నెగటివ్ వైరు. ఆల్టర్నేటర్‌కి పోయే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటది. స్పానర్ బాడీకి తగిలిందా, మెరుపే! ఎన్నో సెమిస్టర్ నువ్వు?"

తర్వాత ఆయన చెప్పడం, నేను విప్పడం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టం, రేడియేటర్ ఫ్యాను. కారుని జాకీ మీద లేపి ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ గార్డు. టెన్షనర్ వదులు చేసి బెల్టు. నాన్న టార్చి పట్టుకుని, ఏది తీసినా "ఇదేం పాడైంది?" అనేవారు. "ఏం కాలేదు నాన్నా, దారికడ్డం అంతే." నాలుగోసారి నుంచి అడగడం మానేశారు.

రెండున్నర గంటలకు ఆల్టర్నేటర్ చేతికొచ్చింది. జబ్బు చూస్తే ఇంతే: రెండు కార్బన్ బ్రష్షులు అరిగిపోయి స్లిప్ రింగులకు అందట్లేదు. వాటి గుండా కరెంటు వెళ్తేనే రోటర్ అయస్కాంతం అవుతుంది. అది తిరిగితేనే స్టేటర్‌లో ఏసీ పుడుతుంది, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. గోరంత ముక్క అరిగితే బండి ఆగిపోతుందని మాత్రం తట్టలేదు. అన్న కొత్త బ్రష్షులు సోల్డర్ చేసిచ్చి, "విప్పినదానికి ఉల్టా బిగించు" అని ఇంటికెళ్లిపోయాడు.

పదకొండున్నరకు మీటర్ 14.2 చూపించింది. నాన్న పడుకోవడానికి లేచారు. అప్పుడు చూశాను. విప్పిన బోల్టులన్నీ అన్న ఒక అట్టముక్కకు వరసగా గుచ్చించాడు. గార్డు దగ్గరి చిల్లులో ఒకటి మిగిలిపోయింది.

చెప్పకపోయినా కారు నడుస్తుంది. కానీ ఆ గార్డు వెనకే బెల్టు తిరుగుతుంది. గార్డు ఊడి దానికి తగిలితే? అదీ ఘాట్ రోడ్డు మీద, వెనక సీట్లో ఎవరింటి పిల్లలో ఉండగా?

"నాన్నా, మళ్లీ చక్రం తియ్యాలి."

ఆయనేమీ అనలేదు. జాకీ తెచ్చి, టార్చి పట్టుకుని నిలబడ్డారు.

పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. "కొండ మీదకొచ్చాంరా. లైటు వెలగలేదు."

ఆ తర్వాతే నాకు నిద్రపట్టింది.