సముద్రం దాకా మిగలని నది

తూరియా స్పెయిన్‌లో అంత పెద్ద నదేమీ కాదు. కొండల్లో పుట్టి మధ్యధరా సముద్రం ఒడ్డుకు చేరేదాకా దాని నడక 280 కిలోమీటర్లు. గోదావరిని చూసిన కళ్లకు చాలాచోట్ల ఇది ఏరులాగే కనిపిస్తుంది. అయినా ఒక నగరమూ ఒక నదీ ఎంతకాలం తగాదా పడగలవో, ఎంత పకడ్బందీగా రాజీ పడగలవో చూడాలంటే దీని వెంట నడవాల్సిందే. ఈ నీళ్ల చివరి మజిలీ వలెన్సియా నగరం, దాని చుట్టూ ఉన్న ‘ఓర్తా’ అనే కూరగాయల మాగాణి. వాటిని దాటి సముద్రంలో కలిసే తూరియా నీళ్లెన్ని అంటే, మామూలు రోజుల్లో దాదాపు ఏమీ లేవనే చెప్పాలి.

పుట్టుక తెరువెల్ ప్రాంతపు కొండల్లో. వాటికి మోంతెస్ ఉనివెర్సాలెస్ అని ఘనమైన పేరుంది గానీ పైన్ అడవులు, సున్నపురాయి గుట్టలు, జనం పలచబడిన పల్లెలు తప్ప పెద్ద ఆర్భాటం లేదు. తాహో నది కూడా ఈ కొండల్లోనే పుడుతుంది. అది పడమటి దారి పట్టి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది, ఇది మధ్యధరా వైపు మళ్లుతుంది. ఇక్కడ దీన్ని గ్వాదలవియార్ అంటారు, అరబ్బుల కాలం నాటి పేరు. అదే పేరున్న పల్లెలో గొర్రెల కాపరుల వలసల గురించి ఒక మ్యూజియం ఉంది. చలి ముదిరే ముందే మందల్ని తోలుకుని దక్షిణాన అండలూసియా పచ్చిక బయళ్ల దాకా నడిచి వెళ్లి, ఎండలు మొదలయ్యాక తిరిగొచ్చే కాపరుల ఊరది.

కొంత దూరం దిగితే అల్బరాసిన్. నది మెలిక తిరిగి ఊరు ఉన్న గుట్టను దాదాపు చుట్టేస్తుంది. ఎర్రజిప్సం పూతతో ఇళ్లన్నీ లేత గులాబీ రంగులో, సందుల మీదికి వాలి ఉంటాయి. పర్యాటకులు వాటిని ఫొటోలు తీసుకుంటారు, తీసుకోవాల్సిందే. నాకు మాత్రం ఊరి కింద రాతిలో తొలిచిన రోమన్ కాలువే గొప్పగా అనిపించింది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట కొండకు సొరంగాలు తవ్వి, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న సేయా అనే ఊరికి ఈ నీళ్లను తీసుకుపోయారు. సేయా ఈ నది పరీవాహకంలోదే కాదు. అంటే నీళ్ల మళ్లింపు పథకం నది పుట్టిన నాలుగడుగుల్లోనే మొదలైపోయింది.

తెరువెల్ పట్నం దగ్గర అల్ఫాంబ్రా నది వచ్చి కలుస్తుంది, అక్కడినుంచి పేరు తూరియా. తెరువెల్‌లో ఇటుక గోపురాలున్నాయి, ఆకుపచ్చ తెలుపు పింగాణీ పలకలు పొదిగినవి. ముస్లిం పనివాళ్ల నైపుణ్యం క్రైస్తవ చర్చికి అమరిన ముదేహర్ శైలి. 1986లో యునెస్కో జాబితాలో చేరాయి. తర్వాత వచ్చే అదెముస్ లోయ వలెన్సియాకు చెందిన భూమే, కానీ నాలుగువైపులా వేరే ప్రాంతాల మధ్య ఒంటరిగా మిగిలిపోయింది. ఏటి ఒడ్డున ఆపిల్ తోటలు, ఆగి తినాలి.

ఆ కింద బెనహేబెర్ జలాశయం. 1930ల్లో పని మొదలైంది, అంతర్యుద్ధంతో ఆగింది, తర్వాత ఫ్రాంకో ప్రభుత్వం రాజకీయ ఖైదీలను కూడా దించి 1950ల్లో పూర్తి చేసింది. పాత ఊరు మునిగింది. కొందరు కొండమీదే ఉండిపోయారు, కొందరిని వలెన్సియా నగరం పక్కన దించారు. అలా వెలసిన ఊళ్లలో ఒకటి సాన్ ఆంతోనియో దె బెనహేబెర్. ముంపు ఊరి పేరును వెంట తీసుకుపోవడం మన శ్రీశైలం, నాగార్జునసాగర్ నిర్వాసితులకు విడమరిచి చెప్పక్కర్లేని సంగతి.

జలాశయాలు దాటాక చులియా దగ్గర నది నిటారు బండల మధ్య ఇరుకు గండిలో దూరుతుంది. ఇప్పుడు అక్కడ వేలాడే వంతెనల మీద నడవడానికి జనం వరస కడతారు. రోడ్లు, ఆనకట్టలు రాకముందు ఇదే దారిలో పైన్ దుంగలు కొట్టుకొచ్చేవి. చివర ఇనుప కొక్కెం బిగించిన పొడుగాటి కర్రలతో, దుంగ మీద నిలబడి, అడ్డుపడ్డవాటిని తప్పిస్తూ కూలీలు వాటిని వలెన్సియా దాకా తోలుకొచ్చేవారు. నగరం పాత ఇళ్ల దూలాల్లో ఈ కొండల కలప చాలా ఉంది.

ఇక కొండలు అయిపోయి మైదానం. మనిసేస్, కార్ట్ ఊళ్ల దగ్గర మొదలై నగరం అంచు దాకా నదికి అడ్డంగా చిన్నచిన్న కట్టలు వస్తాయి. ప్రతి కట్ట దగ్గరా ఒక కాలువ విడిపోతుంది. కార్ట్, బెనాజెర్-ఫయ్తనార్, మిస్లాతా, ఫవారా, రొవేయా కుడిగట్టున; తోర్మోస్, మెస్తాయా, రస్కాన్యా ఎడమగట్టున. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు మెస్తాయా పేరు తెలిసే ఉంటుంది. 1923లో కట్టిన వలెన్సియా స్టేడియానికి ఆ పేరు పక్కనుంచి పారిన ఈ పంట కాలువ వల్లే వచ్చింది. వీటికి పైన మొంకాదా కాలువ ఉంది, దాని పాలన వేరు.

ఈ ఏర్పాటు ముస్లిం పాలకుల కాలంలో స్థిరపడింది. 1238లో నగరాన్ని గెలిచిన జౌమె రాజు కాలువల జోలికి పోకుండా పాత కట్టుబాటే సాగాలన్నాడు. గెలిచినవాడికి అంత తెలివి ఉండటం చరిత్రలో తరచు చూసేది కాదు. ఆ కట్టుబాటు కీలకం ఏమిటంటే, ఏ కాలువకీ ఇన్ని ఘనపుటడుగులు అని లెక్క లేదు. నదిలో ఎంత ఉంటే అందులో ఇంత వంతు, అంతే. నది తగ్గితే అందరికీ తగ్గుతుంది. కాలువ చీలే చోట నడుమ కోసుగా ఒక రాతి నాలుక ఉంటుంది, ప్రవాహాన్ని అదే పంచుతుంది. పొలానికొచ్చాక వంతులవారీ తడి. నీ వంతు వచ్చినప్పుడు నీ మడికి కావాల్సినంత పెట్టుకో, వృథా చేయకు. తూము దగ్గర నువ్వు లేకపోతే మళ్లీ వంతు దాకా ఆగు. నీటి హక్కు భూమికే అంటిపెట్టుకుని ఉంటుంది, విడిగా అమ్మడానికి లేదు. పక్క ప్రాంతాల్లో నీళ్లను వేలం వేసిన చోట్లున్నాయి కాబట్టి ఈ షరతు చిన్నదేమీ కాదు. ఉమ్మడి వనరులను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారో చెప్పిన ఎలినార్ ఆస్ట్రమ్ తన 1990 నాటి పుస్తకంలో ఈ కాలువల్నే ఒక ఉదాహరణగా తీసుకుంది. ఆమెకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

నీళ్లున్న చోట తగువుంటుంది. దాన్ని తీర్చే చోటు వలెన్సియా కెథెడ్రల్‌లో అపొస్తలుల ద్వారం ముందు. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలు కొట్టగానే నల్ల చొక్కాలు తొడుక్కున్న ఎనిమిదిమంది వచ్చి పాతకాలపు చెక్క కుర్చీల్లో అర్ధచంద్రాకారంగా కూర్చుంటారు. కాలువకొకరు, ఆ కాలువ కింద స్వయంగా సేద్యం చేసుకునేవాళ్లు, రైతులు ఎన్నుకున్నవాళ్లు. చేతిలో కొక్కేల కర్ర పట్టుకున్న బంట్రోతు ముందుకొచ్చి, “కార్ట్ కాలువ మీద ఫిర్యాదులు?” అని గొంతెత్తుతాడు. కాస్త ఆగుతాడు. మరో కాలువ పేరు పిలుస్తాడు. చాలా గురువారాల్లో ఎనిమిది పేర్లకీ ఎవరూ పలకరు, అయిదు నిమిషాల్లో సభ ముగుస్తుంది. కెమెరాలు ఎత్తి పట్టుకున్న పర్యాటకులు ఇంతేనా అన్నట్టు మొహాలు చూసుకుంటారు. నన్నడిగితే చూడాల్సింది ఆ మౌనమే. తగువులు అంతదూరం రాకముందే కాలువ గట్టు మీద తెగిపోతున్నాయన్నమాట.

తగువు వచ్చిందంటే మాత్రం లాయర్లుండరు, కాగితాలుండవు, అప్పీలుండదు. వంతు తప్పి తూమెత్తినవాడు, పక్కవాడి మడి మునిగేలా నీళ్లు వదిలినవాడు, తన పొలం వెంట కాలువ పూడిక తీయనివాడు వస్తాడు. అధ్యక్షుడు పాదం కాస్త జరిపి ఎవరిని చూపిస్తే వాళ్లు మాట్లాడాలి. “మీరు చెప్పండి.” మధ్యలో ఇంకొకడు నోరెత్తితే, “మీరు ఆగండి.” కాలువ కాపలాదారు, అంటే మన లస్కర్ వంటివాడు, తను చూసింది చెబుతాడు. నిందితుడిది ఎడమగట్టు కాలువైతే తీర్పు కుడిగట్టువాళ్లు చెప్పాలి, కుడిగట్టైతే ఎడమగట్టువాళ్లు. సొంత కాలువవాడి మొహం చూసి జాలిపడే వీలు లేకుండా చేసిన ఏర్పాటిది. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. స్పెయిన్ చట్టం కూడా దీన్ని నిజమైన కోర్టుగానే ఒప్పుకుంటుంది.

అలా పంచిన నీళ్లు ఎక్కడికి పోతాయో చూడాలంటే నగరానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న అల్బొరాయాకి వెళ్లాలి, మెట్రో ఉంది. అపార్ట్‌మెంట్లు ఆగిన చోట పొలాలు మొదలవుతాయి. మధ్యలో హద్దు గోడ కూడా ఉండదు. ఇసుక కలిసిన నేలలో సన్నటి బోదెలు, వాటి మీద గడ్డి లాంటి మొక్క. అది చూఫా, మన తుంగకు దగ్గరి చుట్టం. మన రైతులు పీకలేక తిట్టుకునే తుంగగడ్డల వంశంలోదాన్ని ఇక్కడ విత్తనం పెట్టి, నీళ్లు పెట్టి, ప్రత్యేక గుర్తింపు ముద్రతో అమ్ముకుంటారు. వసంతంలో నాటుతారు, చలికాలంలో మట్టి జల్లెడపట్టి గడ్డల్ని ఏరి కడుగుతారు. తర్వాత గాలి ఆడే అటకల మీద పరిచి, నెలల తరబడి పారలతో తిరగేస్తూ ఆరబెడతారు. ముడతలు పడి, లోపల తీపి చేరాకే అది పనికొస్తుంది. నానబెట్టి రుబ్బి, వడగట్టి, చక్కెర వేసి చల్లార్చితే ఓర్చాతా. వేసవి సాయంత్రాల్లో పొడుగాటి మెత్తని రొట్టెను అందులో ముంచుకు తింటారు. కొబ్బరిపాలకూ బాదం పాలకూ మధ్య రుచి, చివర్లో కొంచెం మట్టివాసన. ఉల్లి, ఆర్టిచోక్, బంగాళాదుంప కూడా ఇవే నేలల్లో పండుతాయి. ఊళ్లు పెరిగి పొలాలు కరిగిపోతుంటే 2018లో ఓర్తా రక్షణకు ప్రాంతీయ శాసనసభ చట్టం చేసింది. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఈ సేద్యపు వారసత్వాన్ని గుర్తించింది.

నగరంలోకి వస్తే నది ఉండాల్సిన చోట నది ఉండదు. సెర్రానోస్ బురుజులు, 14వ శతాబ్దం చివర్లో కట్టినవి, పాత వంతెనకు ఎదురుగా నిలబడి ఉంటాయి. వంతెన కింద నారింజ చెట్లు, సైకిల్ దారులు, పిల్లల ఆటస్థలాలు. దీని వెనుక 1957 అక్టోబర్ 14 ఉంది. కుండపోత ఎక్కువగా పైన ఉన్న ఆనకట్టకు దిగువన కురవడంతో అది ఆపగలిగింది తక్కువ. నగరం మీదికి రెండు విడతలుగా వరద వచ్చిపడింది. కనీసం 81 మంది చనిపోయారు. క్రీ.పూ. 138లో రోమన్లు ఊరు కట్టిన చోటు, అంటే కెథెడ్రల్ చుట్టుపక్కల కాస్త ఎత్తైన నేల మాత్రం మునగలేదు. సాయం చాలదని గట్టిగా అన్నందుకు మేయర్ తోమాస్ త్రేనోర్‌కి పదవి పోయింది. ఆయన బిరుదు తూరియా మార్క్విస్ కావడం విధి చమత్కారం.

పరిష్కారంగా నదినే ఊరి బయటికి పంపేశారు. నగరానికి దక్షిణంగా 12 కిలోమీటర్ల పొడవు, 175 మీటర్ల వెడల్పున కొత్త ప్రవాహమార్గం తవ్వి 1969లో ప్రారంభించారు. ఖర్చు కోసం వలెన్సియాలో పోస్ట్ చేసే ప్రతి ఉత్తరం మీదా మామూలు స్టాంపు పక్కన 25 సెంతిమోల అదనపు స్టాంపు అంటించాల్సి వచ్చింది. ఖాళీ అయిన పాత నదిలో మోటారు రహదారి వేయాలని పాలకుల ఆలోచన. ‘నదీగర్భం మాది, అది పచ్చగా ఉండాలి’ అని జనం పట్టుబట్టారు. 1976లో రాజు హువాన్ కార్లోస్ ఆ భూమిని నగరానికి ఇచ్చేశాడు. ఇప్పుడది తొమ్మిది కిలోమీటర్ల తోట. వలెన్సియాలోనే పుట్టిన వాస్తుశిల్పి కలత్రావా కట్టిన తెల్లటి సైన్స్ నగరం దానికి చివరి అంచు. చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ తోటలో నడిచేవాళ్లలో ఎందరు కొత్త నది గట్టు దాకా వెళ్లి చూసుంటారో నాకు అనుమానమే.

వెళ్లి చూస్తే అందంగా ఉండదు. రెండువైపులా హైవే, మధ్యలో గులకరాళ్లూ పిచ్చిమొక్కలూ. దాన్ని తవ్వింది ఓర్తా పొలాల్లోనే. ఫవారా కాలువ దాని కిందనుంచి అటు దాటాలి. లా తోర్రె, కస్తెయార్ పేటలు పేరుకు నగరంలోనివే అయినా కొత్త నదికి అవతల మిగిలిపోయాయి. ఇంకా దక్షిణాన అల్బుఫేరా సరస్సు, దాని చుట్టూ వరిచేలు. మేలో వెదజల్లి సెప్టెంబర్‌లో కోసే ఈ వరితోనే పయేయా అనే అన్నం వంటకం పుట్టింది. ఆ చేలకు నీళ్లు ఎక్కువగా హూకార్ నదివి; పినేదో శుద్ధి కేంద్రంలో నగరపు మురుగునీటిని శుభ్రంచేసి కొంత పంపుతారు.

2024 అక్టోబర్ 29న చీవా ఊళ్లో 8 గంటల్లో 491 మిల్లీమీటర్ల వాన పడింది. కొత్త తూరియా ఆ రోజు నిండా పారి నగరాన్ని కాపాడింది. దానికి దక్షిణాన, మామూలు రోజుల్లో ఎండిపోయి ఉండే పోయో వాగు మాత్రం పైపోర్తా, కతర్రోహా, అల్ఫఫార్ ఊళ్ల మీదుగా అల్బుఫేరా వైపు దూకింది. సెల్‌ఫోన్లలో హెచ్చరిక మోగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. అప్పటికే చాలాచోట్ల వీధులు మునిగాయి. వలెన్సియా ప్రాంతంలో 220 మందికి పైగా చనిపోయారు. తర్వాతి రోజుల్లో చీపుర్లూ పారలూ పట్టుకున్న వేలమంది యువకులు నగరం నుంచి కొత్త నది మీది కాలిబాట వంతెన దాటి లా తోర్రెకి, అక్కడినుంచి బురద ఊళ్లకు నడిచారు. ఆ వంతెనకు ఇప్పుడు సంఘీభావ వంతెన అని పేరు.

పోయో వాగు వరదలో కొంత భాగాన్ని కొత్త తూరియాలోకి మళ్లించాలన్న ప్రతిపాదన 2024కి ముందునుంచే కాగితాల మీద ఉంది. ఇప్పుడు మళ్లీ దాని గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ కలిపే కాలువ తవ్వాలన్నా ఓర్తా పొలాల మీదుగానే తవ్వాలి.