ధార తెగిన చోటు

నల్లరేగడి నేలకు రెండు రంగులు పండించడం తెలుసు. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో డిసెంబరు మాసం వచ్చేసరికి ఒక చేలో పత్తి తెల్లగా విచ్చుకుంటుంది; పక్క చేలో మిరప ఎర్రబారుతుంది. ఈ రెండు పంటల వెనుకా యంత్రాల చప్పుడు వినిపిస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు అందని మెరక పొలాలకు వాగు నీటిని తోడిపోసేది ఆయిల్ ఇంజను. చీడపీడల మీద మందు చల్లేది పెట్రోలుతో నడిచే పంపు. దిగుబడిని గుంటూరు మిర్చి యార్డుకు చేర్చేది ట్రాక్టరు. అందుచేత ఇక్కడి రైతుబిడ్డకు పలకా బలపంతోపాటు పానా కూడా చిన్ననాడే పరిచయమవుతుంది.

అటువంటి రైతుబిడ్డ ఒకడు గుంటూరు సమీపంలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్నాడు. అతనిది పర్చూరు ప్రాంతం. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. కళాశాలలో పందెపు కారు నిర్మించే విద్యార్థి బృందంలో అతనికి ఇంధనపు ట్యాంకు తయారుచేసే పని అప్పగించారు.

విద్యార్థులే రూపకల్పన చేసి, నిర్మించి, నడిపే ఇటువంటి చిన్న కార్ల పోటీలు 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 'ఫార్ములా ఎస్.ఏ.ఇ.' పేరుతో ఆరంభమయ్యాయి. మన దేశంలో 'సుప్రా' పోటీలు 2011లో మొదలయ్యాయి. వీటిలో గెలుపుకు వేగం ఒక్కటే ప్రమాణం కాదు. కారు ఎందుకు అలా నిర్మించారో న్యాయనిర్ణేతలకు వివరించాలి. దాదాపు 22 కిలోమీటర్ల ఓర్పు పరీక్షలో అది ఆగకుండా నడవాలి. ఎన్నో కార్లు ఆ పరీక్ష మధ్యలోనే ఆగిపోతాయి.

ఈ బృందం మోటారు సైకిలు ఇంజనుతో తమ కారును సిద్ధం చేసింది. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే పోటీకి ఇక మూడు వారాలే గడువు. కళాశాల వెనుక ఉన్న ఖాళీ స్థలంలో ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు కారు మొదటి పది చుట్లు చక్కగా తిరిగింది. ఆ తరువాత మలుపులో ఒక్కసారిగా దగ్గి, వెనుకకు లాగినట్లయి, తిన్నని దారిలోకి రాగానే మళ్ళీ అందుకుంది. మరి రెండు చుట్లకు పూర్తిగా ఆగిపోయింది. కొంతసేపు నిలిపి, ట్యాంకు నింపి బయలుదేరదీస్తే ఏమీ ఎరగనట్లు నడిచింది.

బృందంలో ఎవరికి తోచింది వారు చెప్పారు. ఒకరు స్పార్కు ప్లగ్గు మార్చారు. మరొకరు కంప్యూటరులో ఇంధనపు లెక్కలను సవరించారు. ఇంకొకరు పంపు పాడైందని తేల్చి కొత్తది కొనమన్నారు. ఒకే రోజున మూడు మార్పులు జరిగాయి. కారు దగ్గడం మానలేదు సరికదా, ఏ మార్పు ఏ ఫలితాన్నిచ్చిందో తెలిసే దారి కూడా మూసుకుపోయింది. చివరకు నాలుగవ సంవత్సరం చదువుతున్న నాయకుని చూపు ట్యాంకు చేసిన కుర్రవానిపై పడింది.

"లోపల వెల్డింగు చెత్త వదిలేసి ఉంటావు. అదే పైపుకు అడ్డుపడుతోంది. నీ వల్ల ఈ ఏడు పోటీయే పోయేట్టుంది" అన్నాడు.

ఆ మాటకు అతను బదులు చెప్పలేకపోయాడు. ట్యాంకును అతను నాలుగుసార్లు కడిగాడు. అయినా, ఏమో, నిజంగానే ఒక తునక మిగిలిపోయిందేమో! చేయని తప్పును సైతం తనదేనని నమ్మించగల శక్తి నలుగురిలో పడిన నిందకు ఉంది.

ఆ రాత్రి అతనికి చిన్ననాటి సంఘటన ఒకటి గుర్తుకు వచ్చింది. మిరపకు నీరు పెట్టవలసిన అదనులో వాగు గట్టుమీది ఆయిల్ ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఊరివారు తలా ఒక మాట చెప్పారు. కబురు పెడితే షెడ్డునుంచి వచ్చిన ముసలి మెకానిక్ సంచి విప్పకుండానే గట్టుమీద కూర్చున్నాడు.

"ఎందుకు ఆగిందో నేను తరవాత చెబుతాను. ఎప్పుడు ఆగుతోందో ముందు మీరు చెప్పండి" అన్నాడు. వేడెక్కాకా, చల్లగా ఉన్నప్పుడా? బరువు పడినప్పుడా, ఊరికే తిరుగుతున్నప్పుడా? ఆగేముందు తడబడుతోందా, దీపం ఆర్పినట్లు ఆగుతోందా? అన్నీ విన్న తరువాత ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, డీజిలు నడిచే దారి వెంబడి ఒక్కొక్క అతుకే వదులుచేసి చూశాడు. ఫిల్టరు దగ్గర డీజిలుతోపాటు బుడగలు వచ్చాయి. పైపు అతుకులో సన్నని పగులు. అక్కడ డీజిలు బయటికి కారడంలేదు. గాలి లోపలికి పోతోంది. "ఇంజనుకు గాలి పట్టిందబ్బాయ్" అంటూ ఆ పైపు మార్చి, గాలి తీసి, ఇంజను తిప్పాడు. ఆ సాయంత్రానికి మిరపచేను తడిసింది.

మరునాటి ఉదయం కుర్రవాడు ఒక నోటు పుస్తకంతో వచ్చాడు. "అన్నా, ఒక్కరోజు నాకివ్వు. ఒకసారికి ఒక్కటే చూద్దాం" అన్నాడు. ముందుగా నిన్నటి మార్పులన్నిటినీ తొలగించి కారును మొదటి స్థితికి తెచ్చారు. తరువాత ఇంధనం ప్రయాణించే క్రమంలో పరీక్షలు ఆరంభించారు.

ట్యాంకు మూతలోని గాలి రంధ్రం తెరుచుకునే ఉంది. అది మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కదలదు. మూత తీస్తే కారు కోలుకుంటుంది. ఇక్కడ మూతకు సంబంధం లేదు. తరువాత, నిప్పు ఆర్పే సాధనాన్ని పక్కన పెట్టుకొని, ఆరుబయట పంపును అర నిమిషం నడిపి, వచ్చిన పెట్రోలును కొలజాడీలో పట్టారు. ఇంజను అత్యధికంగా కోరే పరిమాణంకన్నా ఎక్కువే వచ్చింది. కనుక పంపు దోషి కాదు, ఫిల్టరు మూసుకుపోలేదు. జాడీ అడుగున వెల్డింగు తునక ఒక్కటీ కనిపించలేదు. పీడనమాపకం నిలకడగా 3 బార్లు చూపింది.

నిలిచి ఉన్న కారులో దోషమే లేదు. అంటే, దోషం కదలికలో ఉంది. పీడనమాపకాన్ని కారు వెలుపల బిగించి, దాని ముల్లు కనిపించేటట్లు ఒక సెల్‌ఫోను అమర్చి, చిత్రీకరిస్తూ నడిపారు. నిండు ట్యాంకుతో ఎటు తిరిగినా ముల్లు చలించలేదు. సగం ట్యాంకుతో కుడి మలుపులోనూ చలించలేదు. ఎడమ మలుపులో మాత్రం ముందు ముల్లు పడిపోయింది. ఆ తరువాతనే ఇంజను దగ్గింది. ఏది ముందు, ఏది వెనుక అన్నది తేలడంతో కారణమేదో, ఫలితమేదో స్పష్టమైపోయింది.

మిగిలినది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే. కారు ఎడమకు తిరిగితే, జడత్వం వల్ల ట్యాంకులోని ద్రవం కుడివైపుకు ఎగబాకుతుంది. మలుపులోని త్వరణం గురుత్వ త్వరణంలో సగం ఉంటే ద్రవం ఉపరితలం సుమారు 27 డిగ్రీలు వాలుతుంది; దానికి సమానమైతే 45 డిగ్రీలు వాలుతుంది. పెట్రోలు పీల్చే గొట్టం ట్యాంకులో ఎడమ మూలన ఉంది. ట్యాంకు సగమైన తరువాత, ఎడమ మలుపులో ఆ మూల ఎండిపోతోంది. పంపు పెట్రోలుకు బదులు గాలిని పీలుస్తోంది. వాగు గట్టుమీద ఆయిల్ ఇంజనుకు పట్టిన గాలే, మరొక దారిన పందెపు కారుకూ పట్టింది.

ఇక ఒక ప్రశ్న మిగిలింది. గొట్టం ఆ మూలకు ఎలా వచ్చింది? నోటు పుస్తకంలో తొలి చిత్రం ఉంది. కుర్రవాడు గీసిన ఆ చిత్రంలో గొట్టం ట్యాంకు మధ్యన ఉంది. ద్రవం పరుగును ఆపడానికి లోపల రెండు అడ్డుపలకలు కూడా ఉన్నాయి. బరువు తగ్గుతుందని పలకలను, పైపు పొడవు తగ్గుతుందని గొట్టపు స్థానాన్ని మార్పించింది నాయకుడే. కుర్రవాడు ఆ పుట తెరిచి బల్లమీద పెట్టాడే తప్ప ఒక్క మాట అనలేదు.

నాయకుడు చాలాసేపు ఆ చిత్రాన్నే చూశాడు. తరువాత కలం అడిగి తీసుకొని, 'దోషం' అన్న గడిలో గొట్టపు స్థానాన్నీ, 'కారకులు' అన్న గడిలో తన పేరునూ రాశాడు. "నిన్న అందరిముందు అన్నాను. ఇవాళ అందరిముందే చెబుతున్నాను. తప్పు నాది, తమ్ముడూ" అన్నాడు.

పెట్రోలు నిలిచిన ట్యాంకుకు వెల్డింగు చేయడం ప్రాణాపాయం. అందుకని కొత్త ట్యాంకు తయారుచేశారు. అందులో అడ్డుపలకలు అమర్చారు. గొట్టం చుట్టూ, పెట్రోలు లోపలికి రావడమే తప్ప బయటికి పోనివ్వని రెక్క తలుపుతో ఒక చిన్న తొట్టి కట్టారు. పావు ట్యాంకుతో కారును ఎడమ మలుపులో ఇరవైసార్లు తిప్పారు. ముల్లు కదలలేదు.

సామాను లారీకి ఎక్కించిన రోజున పర్చూరు పొలాల్లో మిరప తొలి కోత కోస్తున్నారు. జి.డి. నాయుడు వంటి తెలుగు యంత్రశిల్పి జీవించిన కోయంబత్తూరులో ఆ కారు ఓర్పు పరీక్షను ఆగకుండా ముగించింది. బహుమతి రాలేదు. అయితే న్యాయనిర్ణేతలు ట్యాంకు గురించి అడిగినప్పుడు నాయకుడు నోటు పుస్తకంలోని ఆ పుటనే తెరిచి చూపాడు. అందులో తన పేరును అతను చెరపలేదు.

ధార ఎక్కడ తెగిందో కనుగొనడానికి ఓర్పు చాలు. ఎవరి చేతిలో తెగిందో చెప్పడానికి మాత్రం నిజాయితీ కావాలి.