ఏసీ పెడితే ఎవరు దిగాలి?

ఏసీ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది కరెంటు బిల్లు. చిన్న విమానం ఉన్నవాళ్లకి మాత్రం తూకం గుర్తొస్తుందట! నాకూ ఈమధ్యే తెలిసింది.

డాలస్‌లో ఉండే మా మరిది ముగ్గురు స్నేహితులతో కలిసి పాత సెస్నా 172 కొన్నాడు. నాలుగు సీట్ల బుల్లి విమానం. 1975లో తయారైంది, అంటే మరిది కంటే నాలుగేళ్లు పెద్దది. ఈ జూలైలో అత్తయ్యగారు అక్కడికి వెళ్తున్నారు. అమ్మ ఎండకి తట్టుకోలేదని దానికి ఏసీ పెట్టిద్దామనుకున్నాడు.

అప్పుడు మొదలైంది లెక్క. మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి ఆ విమానం మోసేది 395 కిలోలు. ట్యాంకులు నింపితే పెట్రోలే 114. మరిది, తోడికోడలు, పిల్లాడు, అత్తయ్యగారు కలిపి 275. మిగిలింది ఆరు కిలోలు. అతను చూసిన ఏసీ బరువు 28 కిలోలు, మనింటికొచ్చే బియ్యం బస్తా కంటే ఎక్కువ! అది పెడితే గంటసేపు ఎగరడానికి సరిపడే పెట్రోలు తగ్గించుకోవాలి, లేదా ఒకరు దిగిపోవాలి. ఎవరి కోసం ఏసీయో, చివరికి ఆవిడే దిగాల్సి వచ్చేలా ఉంది.

పోనీ, పెట్టించినా ఎంతసేపు వాడతారు? ఎండకి గాలి పలచబడితే రెక్కలు విమానాన్ని లేపడం కష్టమవుతుంది, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. ఏసీ కంప్రెసర్‌ని తిప్పాల్సిందీ ఆ ఇంజినే. అందుకని పైకి లేచేటప్పుడు ఏసీ ఆపేస్తారు. పైకెళ్లాక వెయ్యి అడుగులకి సుమారు రెండు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. 5,000 అడుగుల్లో పది డిగ్రీలు తగ్గాక ఇక ఏసీ ఎందుకు? అంటే నేల మీద ఉండే ఆ పావుగంట కోసం వేల డాలర్లు, పైగా అమెరికా విమానయాన శాఖ ఆమోదం.

కొందరు ఐసు నింపిన పెట్టె వెనక పెట్టుకుని, ఆ చల్లనీళ్లని గొట్టాల్లో తిప్పుతూ ఫ్యాను వేసుకుంటారట. మన ఎయిర్ కూలరుకి చుట్టమే. కానీ ఐసు కరిగి నీళ్లయినా బరువు బరువే కదా!

ఇదంతా విని అత్తయ్యగారు ఒకటే అన్నారు: "నేను నాలుగింటికే లేస్తానుగా నాన్నా, ఎండెక్కకముందే తీసుకెళ్లు." కిటికీలు తెరిచి పెట్టుకుని పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాలని ఖాయం చేసుకున్నారు.

తల్లి పక్క సీటులో కూర్చుని తను నడిపే విమానం చూడాలన్నదే కదా ఆ పిల్లాడి కోరిక. చల్లగాలి కోసం ఆ సీటు వదులుకుంటామా, మీరే చెప్పండి.