దిగని ఊరికి వీసా ఎందుకన్నాను

మీ పిల్లలు సియాటిల్‌లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అలాస్కా ఓడ ఎక్కిస్తామంటారు. తప్పకుండా వెళ్లండి. జూనో దగ్గర మెండెన్‌హాల్ మంచునది నీలంగా మెరుస్తుంటే చలి కూడా మర్చిపోయాను.

కెనడా వీసా కూడా తీసుకోవాలని అమ్మాయి అన్నప్పుడు మాత్రం "దిగని ఊరికి వీసా ఏమిటే, డబ్బు దండగ!" అని సణిగాను. విదేశీ జెండా ఓడ సియాటిల్‌లో ఎక్కించుకుని, అలాస్కా చూపించి, మళ్లీ అక్కడే దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తాకాలిట. 1886 నాటి అమెరికా చట్టం అది. అందుకే చాలా ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి.

ఆ విక్టోరియా ఇంకా కొన్ని గంటలుందనగా మావారికి ఛాతీలో నొప్పి! ఓడ డాక్టరు ఈసీజీ తీసి, పెద్దాసుపత్రికి పంపాల్సిందే అన్నారు. రేవులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. అధికారి వీసాలు చూసి వెంటనే పంపేశారు. లేకపోతే ఆ స్థితిలో ఎవర్ని బతిమాలుకునేదాన్నో! తిరిగి రావడానికి అమెరికా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీదే కావాలి, చూసుకోండి.

ఇన్సూరెన్సులోనే దెబ్బ తిన్నాం. ఓడలో వైద్యం బిల్లు మా గది ఖాతాలో వేసి కట్టించుకున్నారు. రసీదులు పెట్టి తర్వాత క్లెయిము చేసుకోవాలి. చేశాం. కానీ ప్రీమియం తగ్గుతుందని మావారి బీపీ సంగతి పాలసీలో రాయలేదు. కంపెనీవాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని పైసా ఇవ్వలేదు. అల్లుడి ముందు తలెత్తుకోలేకపోయాను.

మీరు ఉన్న జబ్బులన్నీ రాయండి. పాలసీ ఓడలోనూ, కెనడాలోనూ చెల్లుతుందో లేదో ముందే అడగండి. మందులు, డాక్టరు చీటీ పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి.