వ్రేలికి తెలిసిన చోటు

మీటను గూర్చి యొక వ్యాసమా యని చదువరులు నవ్వవచ్చును. దేశమున విద్య యున్నది, ఆరోగ్యమున్నది, అన్నమున్నది. వీనిని విడిచి చేతిఫోను ప్రక్కనుండు చిన్న మీట యెక్కడ నుండవలెను, అసలుండవలెనా వలదా యని తర్కించుట పనిలేనివాని పని యని తోచవచ్చును. కాని నేడు వైద్యునికిని, బ్యాంకులోని సొమ్మునకును, దూరదేశముననున్న కుమారుని కంఠమునకును ద్వారము ఈ చేతిఫోనే. ఇంటి తలుపునకు గొళ్లెమెక్కడ నున్నది, అది ముసలివారి చేతికందునా యని విచారించుట గృహస్థునకు తగని పని కాదుగదా. ఇదియు నట్టిదే.

నేను సంస్కృతమును, ఇంగ్లీషును చదివి, వేములవాడలో పిల్లలకు పాఠములు చెప్పి బ్రదుకువాడను. కావున నాకేది చూచినను వ్యాకరణమే జ్ఞప్తికి వచ్చును. పాణినీయులు వర్ణభేదమును నిర్ణయించుటకు రెండు లక్షణములు చెప్పుదురు: ఒకటి స్థానము, రెండవది ప్రయత్నము. కంఠమున బుట్టినదా, దంతముల బుట్టినదా యనునది స్థానము. నోటిలో నెట్టి యత్నముతో బుట్టినదనునది ప్రయత్నము. ఈ రెండును సమానములైన వర్ణములు సవర్ణములు. మీటకును ఈ రెండే ప్రాణములు. అది యుండు చోటు స్థానము. దానిని నొక్కుటకు వలయు బలమును, నొక్కినప్పుడది టక్కుమని దిగుటయు ప్రయత్నము. ఈ రెండును వ్రేలికి తెలిసిన పిమ్మట కంటితో పనిలేదు. అద్దపు ఫోనులోనన్ననో అన్నియు సవర్ణములే! పిలుపు నందుకొనుట, దానిని త్రోసివేయుట, సొమ్ము పంపుట, పంపిన పిమ్మట వగచుట, అన్నియు నొకే నున్నని యద్దముపై, ఒకే తీరు తాకుడుతో జరుగును. భేదమును కన్నే చెప్పవలెను, వ్రేలు చెప్పజాలదు.

ఈ మీటల యమరిక యెవరో యొకనాడు తోచినట్లు పెట్టినది కాదు. 1963 నవంబరు 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున నొక్కుడు మీటల టెలిఫోను మొదట ప్రజల వాడుకలోనికి వచ్చెను. అంతకుముందే బెల్ ప్రయోగశాలవారు అంకెలను వలయముగా, రెండు వరుసలుగా, మూడేసి చొప్పున, ఇట్లు పలువిధముల నమర్చి, సామాన్యులచే నొక్కించి, ఏ యమరికలో తప్పులు తక్కువయో, ఏది త్వరగా సాగునో పరీక్షించిరి. నేటికిని మన ఫోనులలో 1 పైనను, 0 అడుగునను ఉండుట యా పరీక్షల ఫలమే. నడుమనున్న 5వ అంకెపై నొక చిన్న బొడిపె యుండును. దానిపై వ్రేలు నిలిపినచో మిగిలిన తొమ్మిది అంకెలును చుట్టునున్నవి చుట్టే దొరకును. 2003లో వచ్చిన నోకియా 1100 అను ఫోను ఇట్టి మీటలతో, దుమ్ము చొరని ముఖముతో, తలపై నొక చిన్న దీపముతో ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. మన పల్లెలలో దానిని చూడని యిల్లు అరుదు.

తరువాత కథ చదువరు లెరిగినదే. 2007లో ఆపిల్ వారి ఐఫోను ముఖమున నొక్క మీటను మాత్రము నిలిపి తక్కినవాని నద్దములో కలిపివేసెను. ఎంత దారి తప్పినను ఆ యొక్క మీటను నొక్కిన ఇంటికి చేరవచ్చును. 2016లో ఆ మీట కదలుట మానెను. లోపలి చిన్న యంత్రమొకటి వ్రేలికి నొక్కినట్లు భ్రమ కలిగించుచుండెను. 2017లో ఐఫోను టెన్‌తో మీటయే పోయెను. ఆ యేడే సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 ముఖమునుండియు మీట తొలగెను. ముఖమున మీటగల చివరి ఐఫోను 2025 ఫిబ్రవరిలో విక్రయమునుండి తప్పుకొనెను. తెర పెద్దదగును, నీరు చొరదు, అరుగు భాగము తగ్గును అని నిర్మాతలు చెప్పు కారణములు అసత్యములు కావు. కాని లాభమెవరికి, నష్టమెవరికి యని యడుగుట సంస్కర్తల ధర్మము.

మా పెద్దమ్మ బీడీలు చుట్టి నలుగురు పిల్లలను పెంచిన మనిషి. తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, మూతి మలచి, దారము కట్టుటలో నలువదేండ్లు గడచినవి. ఆమె చిన్న కొడుకు దుబాయిలో నున్నాడు. కరీంనగరు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయిన వారులేని వాడ లేదు. ఆ కుమారుడు తల్లిపై ప్రేమతో నొక మంచి యద్దపు ఫోనును పంపెను. అంతవరకు రాత్రి తొమ్మిది గంటలకు ఫోను మ్రోగగానే చీకటిలోనైనను తలగడ క్రింద చేయిపెట్టి పచ్చ మీటను నొక్కి "కొడుకా" అని పలుకుచుండిన తల్లి, ఆ ఫోను వచ్చిన పిమ్మట పలుకుట మానెను. కొడుకు పిలుచును, ఫోను మ్రోగును, ఆమె యద్దముపై వ్రేలును రుద్దుచునే యుండును, మ్రోత ఆగిపోవును. నేను చూడబోయినప్పుడామె యిట్లనెను: "గా పాత ఫోను చీకట్ల గూడ చేతికి దొర్కేది బిడ్డా. గీ అద్దం మీద ఏలు వెడితె జారవట్టె. నా ఏళ్ళకు పానం లేదాయె."

ఆ చివరి మాట నన్ను కలచివేసినది. యంత్రములోని లోపమును ఆమె తన వ్రేళ్ల లోపముగా నెంచుకొన్నది. నిజమేమనగా, అద్దము క్రింద పలుచని విద్యుత్ క్షేత్రముండును. వ్రేలు తాకినప్పుడది కొంచెము మారును. ఆ మార్పునే యంత్రము గ్రహించును. మెత్తని, తేమగల వ్రేలికి మార్పు స్పష్టముగా నుండును. ఎండి కాయకాచిన వ్రేలికి మార్పు స్వల్పమై యంత్రమునకు తెలియకయే పోవచ్చును. బీడీలు చుట్టిన చేతులకు, మగ్గము నడిపిన చేతులకు, నాగలి పట్టిన చేతులకు కష్టమిచ్చిన బహుమానమే ఈ కాయలు. మీట యిట్టి భేదము నెరుగదు. దానికి వలసినది బలము; అది కష్టజీవికి కావలసినంత కలదు. ఎవరు పనిచేసి చేతులు పాడుచేసికొనిరో వారి చేతులనే గుర్తింపని వస్తువును నాగరికత యని పొగడుటకు నాకు నోరు రాదు.

అయినను రెండవ పక్షమును గూడ చెప్పవలెను. తెలుగు చెప్పుకొను నేను అద్దమును దూషించినచో కృతఘ్నుడ నగుదును. మీటల ఫోనులో పండ్రెండు మీటలు. మన అక్షరములు యాబదియారు. గుణింతములను, ఒత్తులను లెక్కింపనే వలదు. ఒక్క "స్త్రీ" యను మాట వ్రాయుటకు ఎన్నిమార్లు నొక్కవలసెడిదో అనుభవించినవారికే తెలియును. అందుచేత మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాయుట కలవాటుపడిరి. అద్దము తనపై ఏ లిపినైనను చిత్రించుకొనగలదు. దానివలననే నేడు మా యూరి కూరగాయల యంగడివాడు గూడ తెలుగున చీటి వ్రాసి పంపుచున్నాడు. చూపులేనివారి సంగతియు నిట్టిదే. 2009లో ఐఫోను తెరమీదిది చదివి వినిపించు ఏర్పాటుతో వచ్చెను. తరువాత ఇతర ఫోనులలోను అట్టివి వచ్చినవి. పాత మీటల ఫోనులలో పెక్కు వారికి పుస్తకము చదివి వినిపింపలేదు, అద్దము వినిపించినది. కావున అద్దము శత్రువు కాదు. దేనిని దానిపై బెట్టవలెను, దేనిని బెట్టరాదు అనునదే ప్రశ్న.

నాకు తోచిన నిర్ణయమిది. సందర్భమునుబట్టి మారునది అద్దముపై నుండవచ్చును: అక్షరములు, చిత్రములు, పటములు. ఎన్నడును మారరానిది, కంటితో చూచుటకు వ్యవధి యుండనిది వ్రేలికి తెలిసిన చోట నుండవలెను: పిలుపు నందుకొనుట, ముగించుట, ధ్వని హెచ్చించుట, తగ్గించుట, ఆపదలో నరచుట.

చోటును గూర్చియు నొక మాట. బడి పిల్లలు పాఠము చూచు పలకఫోనులనే తీసికొనుడు. పిల్లవాడు దానిని రెండు చేతులతో అడ్డముగా పట్టుకొనును. తెరను ఆర్పు మీట సరిగా అరచేయి యానుచోట నున్నచో, పాఠము నడుమ తెర యారిపోవును. వాడు తనయందే తప్పున్నదని బెదరును. పలకను త్రిప్పినచో ధ్వనిని హెచ్చించు మీట తగ్గించు వైపునకు పోవును. ఈ చిక్కును గుర్తించియే ఆపిల్ వారు 2022లో తమ ఐప్యాడులను త్రిప్పిన వైపునుబట్టి ధ్వని మీటల యర్థము మారునట్లు చేసిరి. మీట యుండుటయే చాలదు. పట్టుకొను చేతిని తలచి దానిని పెట్టవలెను.

ఇది వృద్ధుల మొర మాత్రమే యని తలంపకుడు. 2017 ఆగస్టు 21న సింగపూరు సమీపమున అమెరికా నౌకాదళపు జాన్ ఎస్. మెకెయిన్ అను యుద్ధనౌక యొక చమురునౌకను ఢీకొనగా 10 మంది నావికులు మరణించిరి. శిక్షణాలోపముతోపాటు, అద్దపు తెరలపై నౌకను నడుపు ఏర్పాటులోని గందరగోళము గూడ నొక కారణమని విచారణలో తేలెను. 2019లో నౌకాదళమువారు వేగమును నడుపుటకు మరల చేతితో పట్టు సాధనములనే పెట్టుదుమని ప్రకటించిరి. సుశిక్షితులైన నావికులకే అద్దము చిక్కైనచో మా పెద్దమ్మ మాట యేల?

మన ప్రభుత్వమును ఈ సత్యమును గ్రహింపకపోలేదు. 2016 ఏప్రిలులో ప్రకటించిన నియమములనుబట్టి, 2017 జనవరి 1 నుండి అమ్మెడి మీటల ఫోనులలో 5 గాని 9 గాని నొక్కిన ఆపత్కాలపు పిలుపు పోవలెను. అద్దపు ఫోనులలో అందుకు ప్రత్యేకమగు మీట యైన నుండవలెను. లేదా తెరను వెలిగించి ఆర్పు మీటనే వెంటవెంట మూడుమారులు నొక్కిన చాలవలెను. చదువరులు గమనింపుడు: స్త్రీల రక్షణ ముఖ్యోద్దేశముగా వచ్చిన యీ నియమము అద్దపు ఫోనులోనైనను మీటనే వెదకినది. మహాశివరాత్రి నాడు మా రాజన్న గుడి చుట్టును లక్షలాది జనము మూగియుండగా, ఆ త్రొక్కిడిలో నొక యాడుబిడ్డ కాపద వచ్చిన, సంచిలోనుండి ఫోనును బయటికి తీసి, తెరను చూచి, బొమ్మను వెదకి తాకుటకు వ్యవధి యెక్కడిది? సంచిలోనే చేయిపెట్టి నొక్కగల మీట ఆమెకు తోడు. ఈ సౌకర్యమున్నదని మన యిండ్లలో నెందరు స్త్రీలకు తెలియును? తెలుపవలసిన భారము చదివినవారిది.

నిర్మాతలును కొంత వెనుకకు చూచుచున్నారు. 2023, 2024 సంవత్సరముల ఐఫోనులలో పనికొక మీట, ఛాయాచిత్రముల కొక మీట ప్రక్కభాగమున క్రొత్తగా వచ్చినవి. కాని యవి వెలగలవారి ఫోనులు. మనమో నిర్మాతలను శాసింపలేని వారము. ఇంటిలో చేయగలిగినది చేయుదము. పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులలో వ్రేలి నీడ్చు పద్ధతిని మాన్పి, తెర యడుగున మూడు గుర్తులు ఎప్పుడు నొకేచోట నిలుచునట్లు చేయవచ్చును. తెరను ఆర్పు మీటతోనే పిలుపును ముగించు ఏర్పాటును పెక్కింటిలో గలదు. ఇవి సెట్టింగులలో దాగియుండును. ముసలివారు వెదకలేరు, మనము వెదకి పెట్టవలెను. మా పెద్దమ్మకు ఆమె కొడుకు చివరకు వేయి రూపాయల లోపు మీటల ఫోనొకటి కొనిపించెను. అద్దపుదానిపై మనుమరాలి ముఖము చూచుకొనుచున్నది, ప్రక్కింటి పిల్ల తెరచి యిచ్చును. మాటలాడుట మాత్రము మీటల ఫోనుతోనే. ఆమె వ్రేళ్లకు ప్రాణము తిరిగి వచ్చినదని వేరుగా చెప్పనక్కరలేదు.

గృహస్థులకు నా విన్నపమొకటి. పెద్దల కొరకు ఫోను కొనునప్పుడు అంగడివాడు చెప్పు కెమెరా బలమును, తెర వెడల్పును వినుటకు ముందు, దానిని ఆ పెద్దల చేతికే యిప్పించుడు. కన్నులు మూసికొని యొక్క పిలుపు నందుకొనుమనుడు. అందుకొనలేనిచో ఆ ఫోను ఎంత వెలదైనను వారిది కాదు. వారి వ్రేళ్ల తప్పు గాదని యక్కడనే, అంగడివాడు వినుచుండగనే, గట్టిగా చెప్పుడు.