చెవులు మూయని పాట

భాగవతము దశమస్కంధములో శ్రీకృష్ణుని వేణునాదము చెవిని బడినంతనే గోపికలు చేయుచున్న పనులన్నియు విడిచి పరుగెత్తిరని మనమందఱము చదివినవారమే. ఒకతె పాలను పొయ్యిమీదనే విడిచెను. ఒకతె వడ్డన నడుమ విడిచెను. వేఱొకతె బిడ్డకు పాలిచ్చుట మాని లేచెను. చిన్ననాడు మా నాయనగారియొద్ద ఆ ఘట్టమును చదువుకొన్నపుడు నాకది భక్తిపారవశ్యముగా మాత్రమే తోచెను. సంసారములో బడిన పిదప వేఱొక సందేహము కలిగినది. ఆ పొంగిన పాలను పిమ్మట ఎవరు తుడిచిరి? పాట వినవలయునను కోరిక నాకును గలదు. కాని మా యింట పాలు పొంగినచో తుడువవలసినదానను నేనే. ఈ రెండింటికిని పొత్తు కుదిర్చిన యొక చిన్నవస్తువును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. అది వెనుక మూతలేని హెడ్‌ఫోను.

మాది రాజమహేంద్రవరము. మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. రాత్రి భోజనములైన పిమ్మట వారు ముందుగదిలో విద్యార్థుల జవాబుపత్రములు దిద్దుచుందురు. పిల్లలిద్దఱును ఆ బల్లకే రెండవవైపున కూర్చుండి చదువుకొందురు. మా అత్తగారు వెనుకగదిలో పరుండెదరు. వంటిల్లు సర్దిన తరువాత తొమ్మిది మొదలు పదివఱకు గల గంట నాది. నాకు సంగీతము పాడుట రాదు, వినుట మాత్రము వచ్చును. సెల్‌ఫోనులో పాట పెట్టినచో ఆ సన్నని రంధ్రమునుండి వచ్చు ధ్వని వీణను తుమ్మెదగా మార్చుటయేగాక పిల్లల చదువును గూడ చెఱచుచుండెను. అందుచే మూడేండ్ల క్రిందట మావారికి బకాయి జీతము వచ్చినపుడు నేనొక హెడ్‌ఫోను కొనిపించుకొంటిని.

అది చెవులను పూర్తిగా కప్పి వెలుపలి సద్దును లోనికి రానీయని జాతిది. "ప్రక్కన పెండ్లిబాజా మ్రోగినను మీకు వినబడదండీ" అని అంగడివాడు చెప్పగా నేను మిక్కిలి సంతసించితిని. ఆ మాట యెంత నిజమో పిదప తెలిసినది.

శ్రావణమాసములో నొక రాత్రి నేను నడిమింట గోడకానుకొని కన్నులు మూసికొని పాట వినుచుంటిని. అత్తగారికి రాత్రివేళ లేచుటకు చేయూత కావలయును. వారు పిలిచిరట. నేను విననైతిని. తామే లేచి నడువబోయి గడప తగిలి పడిరి. ఆ చప్పుడునకు మావారు ముందుగదినుండి పరుగెత్తివచ్చి నా భుజము తట్టినదాక నాకేమియు తెలియదు. అత్తగారి మణికట్టు ఎముక చిట్లినది. ఆఱు వారములు కట్టు. ఆ ఆఱు వారములు వారికి అన్నము కలిపి నోటికందించితిని. ఇంటిలో నెవరును నన్నొక్కమాట యనలేదు. అనకపోవుటయే నన్నెక్కువ బాధించినది. హెడ్‌ఫోనును బీరువా అడుగున పాతచీరల క్రింద పడవైచి నాలుగు నెలలు పాట మాటయే తలపెట్టనైతిని.

సంక్రాంతికి మా చెల్లెలి కుమారుడు వచ్చెను. ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడు. సంగతి యంతయు విని, "దోషము పాటది కాదు పెద్దమ్మా, మూతది" అనెను. వెనుక మూతలేని హెడ్‌ఫోనులు కలవనియు, వానిని ఓపెన్‌బ్యాక్ అందురనియు వానివలననే నేను తెలిసికొంటిని.

వాడు చూపిన పరీక్షను మీరును చేసి చూడవచ్చును. అరచేతులను దోసిలివలె గుంటగాజేసి రెండు చెవులను గట్టిగా కప్పి, నోరు మూసికొని యొక రాగము కూనిరాగముగా తీయుడు. మీ గొంతు తలలోపలనే గుమ్మని మ్రోగును. ఇప్పుడు చేతులను చెవులకు కొంచెము ఎడముగాజేసి వ్రేళ్లను విప్పుడు. ఆ మ్రోత విడిపోయి గొంతు మరల మీ గొంతగును. మూసిన హెడ్‌ఫోనునకును తెరచినదానికిని గల భేదము కొంతవఱకిట్టిదే.

లోపలి పని యేమనగా, హెడ్‌ఫోనులో చెవికెదురుగా పలుచని పొర యొకటి యుండును. అది విద్యుత్తువలన ముందునకు వెనుకకు కంపించును. ముందువైపు ధ్వని మన చెవికి వచ్చును. వెనుకవైపునను ధ్వని పుట్టును గదా. మూసినదానిలో ఆ వెనుకటి ధ్వని గిన్నెలో చిక్కుకొనును. దానిని లోపలనే అణచుటకు పనివాండ్రు దూది, నురుగు మొదలైనవానిని పెట్టుదురు. అట్లయ్యును కొంత గోడలకు తగిలి మరలి వచ్చును. తెరచినదానిలో మూతకు బదులు జల్లెడవంటి జాలి యుండును. వెనుకటి ధ్వని దానిగుండ బయటికి పోవును. అందుచే పాట తలలో నిఱికినట్లుగాక, కిటికీలు తీసిన గదిలో వినుచున్నట్లుండును.

ఈ సాధనమునకు వంటింటితో పాతచుట్టఱికమున్నదని వినగా నాకు నవ్వు వచ్చినది. అమెరికాలో యూటా రాష్ట్రమున నథానియెల్ బాల్డ్విన్ అనునతడు తన వంటింటిలోనే హెడ్‌ఫోనులు తయారుచేసి 1910లో ఆ దేశపు నౌకాదళమునకమ్మెనట. అవి వార్తలు వినుటకు. సంగీతము వినుటకై రెండు చెవులకును వేఱువేఱు ధ్వనులిచ్చు స్టీరియో హెడ్‌ఫోనును మిల్వాకీ నగరమున జాన్ కాస్ 1958లో వెలువరించెను. జర్మనీ దేశపు సెన్‌హైజర్ వారు 1968లో హెచ్.డి. 414 అను పేర వెనుక తెరచిన మొదటి హెడ్‌ఫోనును విడుదల చేసిరి. పసుపుపచ్చని నురుగుదిండ్లతో తేలికగా నుండి అది విశేషముగా అమ్ముడుపోయినది. అనగా మూత తీయవలయునని తోచుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినదన్నమాట.

తెరచిన జాతిలో లక్షరూపాయలు మించినవియు కలవు. మావంటివారికి వానితో పనిలేదు. నేను కొన్నది నాలుగువేల లోపుది. మొదటి రాత్రి ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనము పెట్టుకొంటిని. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతరికార్డులమీది వాద్యమది. రికార్డు గరగర ముందుకంటె స్పష్టముగా వినబడినది. మంచి అద్దము మొగములోని మచ్చను గూడ చూపును గదా. కాని ఆ గరగర వెనుక కమాను దిశ మారునపుడు తీగెమీద కలుగు సన్నని స్పర్శయు వినబడెను. ఇన్నాళ్లు అదే రికార్డును సెల్‌ఫోనులో వినుచును ఆ స్పర్శను నేనెఱుగను. తరువాత ఈ కాలపు కచేరి యొకటి వింటిని. తంబుర వెనుకను, వాయులీనము ఒక ప్రక్కను, మృదంగము వేఱొక ప్రక్కను తమతమ స్థానములలో కూర్చున్నట్లుండెను. గాయకునితో నేను మెల్లగా గొంతు కలిపినను నా గొంతు నాకు వికారముగా వినబడలేదు.

లోపమును గూడ చెప్పెదను. వెనుక తెరచియుండుటచేత మంద్రధ్వనుల బలము తగ్గును. మృదంగము ఎడమవైపు నాదము మూసినదానిలో వలె నిండుగా నుండదు. గుండెలదరు డప్పుతో సినిమాపాట వినగోరువారికి ఇది చప్పగా తోచవచ్చును. గొంతు, వీణ, వేణువు, వాయులీనము వినువారికి ఈ కొఱత అంతగా తెలియదు.

ఇక తలకు గల సుఖమును గూర్చి. ఆడువారి తల వేఱు, హెడ్‌ఫోను చేయువారు తలంచుకొను తల వేఱు. మనకు దుద్దులున్నవి, ముడియున్నది, నూనెయున్నది. చెవిమీదనే ఆనెడి చిన్నదిండ్లు దుద్దుల మరను చెవి వెనుకకు గ్రుచ్చును. చెవి చుట్టును ఆనుకొను పెద్ద గుండ్రనిదిండ్లయినచో దుద్దులు లోపల సుఖముగా నుండును. జూకాలు మాత్రము తీయవలసినదే. తోలువంటి దిండ్లు మా గోదావరి ఎండలలో పది నిమిషములకే చెమర్చును. నూలో మఖమలో కప్పినవి మేలు. జాలిగుండ గాలియాడుటచే ఉక్క తక్కువ. దిండ్లు ఊడివచ్చునవేనా యని ముందే చూచుకొనుడు. ఊడివచ్చునవైనచో కప్పుగుడ్డను గోరువెచ్చని సబ్బునీట ముంచి నీడనారవేయవచ్చును. నడినెత్తిమీది పట్టీకి నూనె అంటకుండ నేనొక పాత నూలుగుడ్డను చుట్టి కుట్టితిని.

క్రొత్తలో నాది కణతలను గట్టిగా నొక్కుచుండెను. మా పిల్లవాడు చెప్పిన ప్రకారము, నా తలకంటె కొంచెము వెడల్పుగా మా నాయనగారి మహాభారత సంపుటములను పేర్చి, రాత్రివేళ వానికి దానిని తొడిగితిని. నాలుగు రాత్రులకు పట్టు సడలినది. భారతము నాకు చేసిన ఉపకారములలో నిదియు నొకటి. బరువు మూడువందల గ్రాములు మించనిది చూచుకొనుట మంచిది. అంగడిలో నొక్క నిమిషము పెట్టుకొని తీయక పావుగంట ధరించి చూడుడు. మొదటి నిమిషమున అన్నియు సుఖముగానే యుండును.

పెట్టెమీద ఓములని యొక అంకె యుండును. 32కు దరిదాపులనున్నచో సాధారణముగా సెల్‌ఫోనుతోనే చక్కగా పలుకును. 250, 300 అని యున్నవానికి ఆంప్లిఫయరను వేఱొక పరికరము కావలసివచ్చును. ఈ జాతివి చాలవఱకు తీగెతో నుండునవి. మీ ఫోనునకు తీగె పెట్టు రంధ్రము లేకున్నచో చిన్న అడాప్టరు కొనవలయును.

మూత లేనందున పాట బయటికి పోవును, బయటిసద్దు లోనికి వచ్చును. కనుక బస్సులోను, ఆసుపత్రిలోను, నిద్రించుచున్న పసివాని ప్రక్కను ఇది తగదు. మిక్సీ చప్పుడును మించవలయునని ధ్వని పెంచుట మఱింత తగదు. పెద్దలకు 80 డెసిబెల్స్ ధ్వని వారమునకు 40 గంటలకు మించరాదనియు, పిల్లలకు అది 75కు లోబడవలయుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అంకెలు మనకేల? చేయిదూరమున నిలిచినవారు మామూలు గొంతుతో పలికిన మాట వినబడకున్నచో ధ్వని హెచ్చినదని తెలిసికొనిన చాలును.

ఇపుడు ఆదివారము గోంగూర ఆకు గిల్లుచు పాట వినుచున్నను కుక్కరు మూడవకూత తప్పిపోవదు. రాత్రి అత్తగారి దగ్గు వినబడును, మంచము కిఱ్ఱుమన్న వినబడును.

మొన్న నొకరాత్రి అట్లే మంచపుసద్దు విని లోనికి పోతిని. అత్తగారు నా చేయి పట్టుకొని లేచుచు, "ఇదివఱకటిది పెట్టుకొన్నపుడు నిన్ను పిలువ మొగమాటమయ్యేదమ్మాయీ. చెవులు మూసికొని, కన్నులు మూసికొని కూర్చుండెడిదానవు. దినమంతయు చాకిరిచేసి ఆ గంట కూర్చున్నదానిని కదల్చుటెందుకని ఆనాడును ఒక్కసారి, మెల్లగా పిలిచితిని. రెండవమారు పిలువ మనసొప్పలేదు" అనిరి.

నాకు నోట మాట రాలేదు. మూసిన చెవి వినకపోవుట యొక్కటే గాదు, పిలువదలచినవారి గొంతును గూడ మూయునని అపుడు తెలిసినది. ఆ మాటలు ముందుగదిలోని మావారికిని వినబడినవి. మఱునాటి రాత్రి వారు జవాబుపత్రముల కట్టను తీసికొని వెనుకగదిలో తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, "తొమ్మిది మొదలు పదివఱకు అమ్మ పిలుపు నాది. నీవు నీ మూసినదే పెట్టుకొనుము" అనిరి.

బీరువా అడుగునుండి దానిని తీసి చూచితిని. మరల అచటనే పెట్టితిని. ఇపుడా గంట నిజముగా నాదయినది. అయినను ఇంటివారి సద్దు వినబడుచుండగా పాట వినుటయే నాకు హాయిగానున్నది. చెవులు తెరచియుంచుకొనుట నిర్బంధముగాక నా యిష్టమయినది. ఇష్టముతో వినునపుడు అత్తగారి దగ్గును గూడ తంబురశ్రుతిలో కలిసిపోవుచున్నది.

సోదరీమణులారా, వెల తక్కువదని వెనుకాడకుడు, వెల హెచ్చినదని భ్రమపడకుడు. మీ చెవికి, మీ తలకు, మీ యింటికి కుదిరినదే మంచిది. మీరును దినమున కొక గంట మీదిగా చేసికొందురు గాక.