చెవికి ఎంత కావాలి?

అమెరికాలో మనవాళ్లు అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో చాలా భాగం కర్రతో కట్టినవే. పై అంతస్తులో ఎవరైనా నడిస్తే కింద గదిలో వినిపిస్తుంది. రాత్రి పది దాటాక స్పీకరు పెడితే పక్కవాళ్లు ఊరుకోరు. పిల్లలు పడుకున్నాక కాసేపు పాటలు విందామంటే హెడ్‌ఫోనే దిక్కు. అందుకే ‘కంప్యూటర్‌కి మంచి సౌండ్ కార్డు ఏది కొనాలి’ అన్న ప్రశ్న ఇక్కడ తరచూ వినపడుతుంది. జవాబుగా రెండొందల డాలర్ల డబ్బా పేరో, నాలుగొందల డాలర్ల డబ్బా పేరో వస్తుంది. ఈ సలహా చాలామందికి అనవసరపు ఖర్చు అని నా గట్టి అభిప్రాయం. పది డాలర్ల లోపు దొరికే వస్తువుతో సౌండ్ కార్డు పని పూర్తవుతుంది. మిగిలిన డబ్బు వెళ్లాల్సింది హెడ్‌ఫోన్‌కి.

సౌండ్ కార్డు చేసే పనులు రెండు. ఫైల్లో ఉన్న అంకెల్ని విద్యుత్ తరంగంగా మారుస్తుంది, ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ని కదిలించేంత బలం ఇస్తుంది. 1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ తెచ్చేనాటికి మామూలు పీసీకి ఉన్న గొంతల్లా బీప్ శబ్దమే. ఆ తొలి కార్డు కూడా 8 బిట్ల మోనో. ఆ రోజుల్లో కార్డుకీ కార్డుకీ తేడా ఎవరి చెవికైనా తెలిసేది, డబ్బు పెట్టినకొద్దీ నాణ్యత పెరిగేది. తర్వాత 1997లో ఏసీ 97, 2004లో హెచ్‌డీ ఆడియో అని ఇంటెల్ ప్రమాణాలు తేవడంతో ఆ పనంతా మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌కి చేరింది. చిప్పులు బాగుపడుతూ, చవకవుతూ వచ్చాయి. ఇవాళ ఆపిల్ 9 డాలర్లకి అమ్మే యూఎస్‌బీ-సీ డాంగిల్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. బెత్తెడు తీగ, రెండు కొసల్లో వేలి కొన అంత ప్లాస్టిక్ ముక్కలు, అంతే. మార్చే చిప్పూ, బలమిచ్చే ఆంప్లిఫయరూ రెండూ అందులోనే ఉన్నాయి. పరికరాలతో కొలిచినవాళ్లకి అందులోని రొద, వక్రత రెండూ కలిపి అసలు ధ్వనికి దాదాపు 100 డెసిబెల్స్ కిందే కనిపించాయి. 16 బిట్ల సీడీ పట్టుకోగలిగిన పరిధి సుమారు 96 డెసిబెల్స్. అంటే సీడీలో ఉన్నది ఉన్నట్టుగా చెవికి చేర్చడానికి ఆ చిన్న ముక్క చాలు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం బలం గురించి. ఇంత చిన్నది పెద్ద హెడ్‌ఫోన్లని ఎలా నడుపుతుందంటారు. ఇది లెక్కతో తేలే సంగతి. అమెరికాలో అమ్మే ఆ డాంగిల్ సుమారు 1 వోల్టు ఇస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లోకి 1 వోల్టు వెళ్తే 3.3 మిల్లీవాట్లవుతుంది. ఒక మిల్లీవాటుకి 100 డెసిబెల్స్ పలికే హెడ్‌ఫోన్ ఏదైనా దాంతో 105 డెసిబెల్స్ పలుకుతుంది. అదే 32 ఓమ్‌లదైతే 31 మిల్లీవాట్లు, 115 డెసిబెల్స్. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు సగటున 75 దగ్గర కచేరీ వింటూ ఉంటే, తని ఆవర్తనంలో మృదంగం దెబ్బ మరో 20 పైకి లేచినా 95 దగ్గరే ఆగుతుంది. ఇంకా పది డెసిబెల్స్ మిగిలే ఉన్నాయి. అంతకన్నా బలం కావాలని అడిగేవాళ్లు ముందు తమ చెవుల క్షేమం చూసుకోవాలి. వినికిడి ఒకసారి దెబ్బతింటే ఏ డబ్బా కొన్నా తిరిగి రాదు.

ఇక మనం వినేదేమిటో కూడా చూడాలి. పాతాళభైరవి 1951 నాటిది, మాయాబజార్ 1957 నాటిది. ఘంటసాల పాటల్లో ఎన్నో మనకి 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచో, పాత టేపుల నుంచో ఎక్కినవే. బాగున్న టేపు మీద కూడా పాటకీ రొదకీ మధ్య దూరం 60, 70 డెసిబెల్స్‌కి మించదు. ఆ పాటని మళ్లీ యూట్యూబ్‌లో, కుదించిన రూపంలో వింటాం. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన ఆ పాటలో లేనిది పుట్టదు. బావిలో నీళ్లెంత తేటగా ఉంటే చేదలోకీ అంతే తేటగా వస్తాయి. ఘంటసాల గొంతులోని ఆ నిండుదనం నిజంగా కావాలనుకునేవాళ్లు మంచి ప్రతి కోసం వెతకాలి. ఒకే పాటకి నెట్‌లో పది ప్రతులుంటాయి. కొన్నింటిలో రొద తీయబోయి గొంతులోని జీవమే తీసేశారు. మంచి ప్రతికీ చెడ్డ ప్రతికీ ఉన్న తేడా ముందు కార్డుల మధ్య తేడా లెక్కలోకే రాదు.

‘లెక్కలు మీవి, చెవులు మావి, మాకు తేడా స్పష్టంగా వినిపించింది’ అనేవాళ్లని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. వాళ్లు విన్నది అబద్ధం కాదు. కానీ రెండు పరికరాల్లో ఒకటి ఏ కాస్తో ఎక్కువ బిగ్గరగా పలికితే, మన మనసు దాన్ని ‘బిగ్గర’ అనుకోదు, ‘మేలు’ అనుకుంటుంది. ఖరీదైన డబ్బాలు సాధారణంగా ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి. రెండింటి స్థాయినీ వోల్ట్‌మీటరుతో సమం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తేనే పరీక్ష. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ప్రచురించిన ప్రయోగం అలాంటిదే. సీడీ కన్నా మేలని పేరున్న ఎస్ఏసీడీ డిస్కు ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ఎదుటి పక్షం సాక్ష్యాన్నీ చెప్పాలి. 2016లో జాషువా రైస్ ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలని ఒకచోట చేర్చి లెక్కగడితే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి, ముందుగా శిక్షణ పొందినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. తేడా బొత్తిగా లేదని నేననను. శిక్షణ తీసుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని పట్టుకోవలసినంత చిన్న తేడాకి వందల డాలర్లు పెట్టవద్దంటున్నాను.

ఎందుకంటే హెడ్‌ఫోన్ల మధ్య తేడాకి అలాంటి పరీక్షలేవీ అక్కర్లేదు. సరిగ్గా తయారైన రెండు డాంగిళ్ల మధ్య వినిపించే శ్రుతుల పరిధిలో అర డెసిబెల్ తేడా రావడం కూడా అరుదు. రెండు హెడ్‌ఫోన్ల మధ్య అదే పరిధిలో ఐదు, పది డెసిబెల్స్ తేడాలు మామూలే. ఒకదానిలో వీణ తంత్రి గీటు వినిపిస్తుంది, ఇంకోదానిలో ఉత్త మోతే మిగులుతుంది. కాబట్టి చేతిలో నూటయాభై డాలర్లుంటే పది కార్డుకి, మిగతాదంతా హెడ్‌ఫోన్‌కి. సోనీ ఎండీఆర్ 7506 లాంటివి వంద డాలర్ల ప్రాంతంలోనే దొరుకుతాయి, రికార్డింగ్ స్టూడియోల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు. విండోస్ వాడేవాళ్లు ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని స్వరాన్ని ఇంకా దిద్దుకోవచ్చు.

అసలు ఆ పది డాలర్లయినా ఎందుకు, కంప్యూటర్‌లో ఉన్నది చాలదా అంటే, చాలాసార్లు చాలుతుంది. పాట ఆపేసి, వాల్యూమ్ మామూలుగా వినే చోటే ఉంచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మౌస్ కదపండి. పేజీ పైకీ కిందకీ జరపండి. సన్నగా జిర్రుమనే శబ్దం మౌస్‌తో పాటు కదులుతుంటే, లోపలి కార్డులోకి కంప్యూటర్ రొద చొరబడుతోందన్నమాట. డెస్క్‌టాప్‌లో ముందువైపు జాక్ దాకా వెళ్లే తీగ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోవడం వల్ల ఇది తరచూ వస్తుంది. అప్పుడు యూఎస్‌బీ డాంగిల్ తప్పక కొనాలి, ధ్వనిని తరంగంగా మార్చే పని ఆ పెట్టె బయట జరుగుతుంది కనుక. రెండో కారణం ఓమ్‌లది. కొన్ని మదర్‌బోర్డుల జాక్‌కి తన సొంత నిరోధం డెబ్బై ఓమ్‌లు దాటుతుంది. 16, 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు కొన్ని దాంతో బేస్ ఉబ్బి మసకగా పలుకుతాయి. డాంగిల్‌లో అది ఒక ఓమ్ దగ్గరే. ఏడు స్పీకర్ల సరౌండ్ అని ఆశపెట్టే గేమింగ్ కార్డుల ప్రస్తావన ఇక్కడ అనవసరం, మనం వినే పాటలు మోనోలోనో స్టీరియోలోనో రికార్డయినవే.

మినహాయింపులున్నాయి. హైఫైమాన్ హెచ్ఈ-6 లాంటి మొండి హెడ్‌ఫోన్లకి వేరే ఆంప్లిఫయర్ కావలసిందే. ఆపిల్ డాంగిల్‌ని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలిస్తే ధ్వని చాలా తగ్గిపోతుంది, కంప్యూటర్‌కైతే ఆ బాధ లేదు. ఐరోపాలో ఉన్న బంధువులు చూసుకోవలసింది ఇంకొకటుంది. అక్కడి నిబంధనల ప్రకారం అమ్మే డాంగిల్ వోల్టేజీ సగమే, అంటే 6 డెసిబెల్స్ తక్కువ. 32 ఓమ్‌లకి అది చాలు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు మాత్రం అక్కడ దాన్ని కొనకుండా, కనీసం 1 వోల్టు ఇస్తుందని స్పష్టంగా రాసి ఉన్న వేరే చవక డాంగిల్ వెతుక్కోవడం మంచిది.